బెంగళూరు కోట గోడ కూల్చింది మోర్టార్లేనా? అసలు చిన్న మోర్టార్లు దేనికి?

బనశంకరి శ్రీను అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, బెంగళూరులో ఉద్యోగం. మొన్న ఆదివారం ఆఫీసు వాళ్ళం కొందరం కె.ఆర్. మార్కెట్ దగ్గర పాత కోట చూడ్డానికి వెళ్ళాం. గోడ మీద ఒక పలక ఉంది, 1791 మార్చి 21న ఇంగ్లీషు సైన్యం ఈ గండిలోంచే లోపలికి దూరిందని. మా టీం లీడ్ వెంటనే "మోర్టార్లు పెట్టి పేల్చి ఉంటారు" అని తేల్చేశాడు. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. మ్యూజియంలో మోర్టార్ అని రాసిపెట్టిన వస్తువు పొట్టిగా, నోరు పెద్దగా, ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. దాంతో గోడ ఎలా కొడతారు?

ఇంకో సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు జామ్ డబ్బాలతో బాంబులు, చెట్టు మొద్దులతో మోర్టార్లు చేసుకున్నారని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తిరుగుతోంది. అది నిజమా, లేక ఎవరో కూర్చుని అల్లిందా? తెలిసినవాళ్ళు చెప్పండి. తయారు చేసే పద్ధతి నాకు అక్కర్లేదు, ఎందుకు చేసుకోవాల్సి వచ్చిందో చెప్తే చాలు.

పాత సాపర్ సమాధానం

శ్రీనూ, గోడ పడగొట్టింది ఫిరంగులు. మోర్టార్లు కావు. మీ టీం లీడ్‌కి మెల్లిగా చెప్పు, అప్రైజల్ దగ్గర పడితే చెప్పకు.

మాది మదనపల్లె. సైన్యంలో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో సాపర్‌గా, అంటే ఇంజనీరు దళం సైనికుడిగా, చేసి రిటైరై ఇప్పుడు కమ్మనహళ్ళిలో ఉంటున్నా. గోడలు, కంచెలు, కందకాలు, వీటిని దాటడం, దాటించడం, దాటకుండా చేయడం, నా సర్వీసంతా ఇదే పని. కాబట్టి పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టు.

కోటకి గండి కొట్టాలంటే బరువైన ఇనప గుండు బారుగా పోయి, గోడ కింది భాగంలో ఒకే వరసలో మళ్ళీ మళ్ళీ తగలాలి. కింద తినేస్తే పైనున్నది తన బరువుకి తానే కూలి ముందుకు వాలుగా పడుతుంది. ఆ రాళ్ళ కుప్పే దాడి చేసేవాళ్ళకి మెట్లు. కారన్‌వాలిస్ సైన్యం 1791 మార్చి 5న బెంగళూరు ముందుకొచ్చింది, 7న కోట బయటి పేట పట్టుకుంది, కోట మీద చివరి దాడి 21 రాత్రి. మధ్యలో ఆ రెండు వారాలూ ఫిరంగులు నిలబెట్టడానికి, గోడ తినడానికి సరిపోయాయి. కోట అధికారి, కిల్లేదారు బహదూర్ ఖాన్ ఆ రాత్రి లొంగకుండా పోరాడి చనిపోయాడు. టిప్పు సైన్యం దగ్గర్లోనే ఉండి కూడా సమయానికి ఆదుకోలేకపోయింది.

మోర్టార్ పని వేరే. దాని గుండు నిటారుగా పైకి లేచి, నెత్తిన పడుతుంది. కాంపౌండు గోడ అవతల ఉన్నవాడికి కొబ్బరికాయ తగలాలంటే గోడ మీంచి ఎత్తుగా విసురుతాం కదా, అంతే. గోడ దానికి శత్రువు కాదు, గోడ వెనక దాక్కున్న మనిషి శత్రువు. గుండు కూడా గట్టిది కాదు, బోలుది. లోపల మందు, పైన వత్తి. గుండు బయలుదేరేటప్పటి మంటకే వత్తి అంటుకుంటుంది. వత్తి పొడుగైతే నేల మీద పడి దొర్లుతూ ఉంటుంది, అవతలివాడు తడిగుడ్డ వేసో మట్టి వేసో ఆర్పేస్తాడు. పొట్టిదైతే గాల్లోనే పేలిపోతుంది. ఆ రోజుల్లో మోర్టార్ పనివాడి గొప్పంతా ఆ వత్తి కొలతలోనే ఉండేది.

పాత మోర్టార్లు మహా బరువు. బండ్ల మీద లాక్కురావాలి, దిమ్మ కట్టాలి. 1670లలో కూహోర్న్ అనే డచ్ ఇంజనీరు దాన్ని చిన్నది చేశాడు. మెన్నో వాన్ కూహోర్న్. మా ఇంజనీర్ల లోకంలో ఫ్రెంచి వోబాన్‌కి ఎంత పేరో ఈయనకీ అంత. 1692లో నమూర్ కోటని ఈయన కాపలా కాస్తుంటే వోబాన్ ముట్టడించి గెలిచాడు. మూడేళ్ళకి ఈయన తిరిగొచ్చి అదే కోట పట్టుకున్నాడు. ఆయన పేరు మీదే వచ్చిన చిన్న మోర్టార్ 200 ఏళ్ళు నడిచింది. అమెరికా అంతర్యుద్ధం నాటి కూహోర్న్ కంచు గొట్టం సుమారు 75 కిలోలు, నోరు ఆరంగుళాలకి కాస్త తక్కువ. కింద చెక్క దిమ్మతో సహా నలుగురు పట్టుకుని కందకంలో నడిచిపోవచ్చు. గుర్రం అక్కర్లేదు, చక్రం అక్కర్లేదు. ఇదీ దాని గొప్ప.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. దానికి జవాబు ఒక దూరంలో ఉంది. చెయ్యి విసిరితే బాంబు 30 మీటర్లో, బలమున్నోడైతే ఇంకాస్తో పోతుంది. వెనకాల ఉన్న పెద్ద ఫిరంగి తన సొంత మనుషులకి తగలకుండా కొట్టాలంటే శత్రువు కనీసం కొన్ని వందల మీటర్ల అవతల ఉండాలి. ఈ రెండింటి మధ్య ఒక ఖాళీ మిగుల్తుంది. అందులో కూర్చున్నవాణ్ణి చెయ్యీ అందుకోదు, ఫిరంగీ కొట్టలేదు. చరిత్రలో సైనికులు తమ చేత్తో తాము చేసుకున్న మోర్టార్లన్నీ ఈ ఖాళీలో పుట్టినవే. పై అధికారులు అది చూడక ముందే కందకంలో ఉన్నోడు చూశాడు.

మొద్దుల మోర్టార్లు నిజమే. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్ ముట్టడిలో ఉత్తరాది జనరల్ గ్రాంట్ సైన్యం కందకాలు తవ్వుకుంటూ తవ్వుకుంటూ శత్రువు మొహం మీదకి పోయింది. చేతిలో కూహోర్న్‌లు లేవు. అప్పుడు గట్టి చెట్ల మొద్దులు తీసుకుని, తొలిచి, ఇనప పట్టీలు బిగించి, చిన్న గుండ్లు విసిరారు. గ్రాంటే స్వయంగా రాసుకున్నాడు, అవి కూహోర్న్‌ల పని చేశాయని. జూలై 4న ఊరు లొంగింది. లొంగింది ఆకలికి అనుకో, మొద్దులకి కాదు. ఫార్వర్డుల్లో ఇలాంటి ముక్క ఎప్పుడూ వదిలేస్తారు.

తర్వాత 1904, పోర్ట్ ఆర్థర్, చైనా తీరంలో అప్పట్లో రష్యా చేతిలో ఉన్న రేవు. జపాన్ వాళ్ళు కొండల మీద రష్యా కోటల్ని ముట్టడించి కందకాల్లో దిగారు. వాళ్ళు కొయ్య మోర్టార్లు చేసుకున్నారు. అవతల గోబ్యాతో అనే రష్యన్ కెప్టెన్ 47 మిల్లీమీటర్ల ఓడ ఫిరంగిని మార్చి, దాని నోట్లో పట్టనంత పెద్ద బాంబుకి కర్ర తగిలించి విసిరించాడు. ప్రపంచమంతా అక్కడికి పరిశీలకుల్ని పంపింది. జర్మన్లు చూసి నేర్చుకుని మీనెన్‌వెర్ఫర్ అని మంచి కందక మోర్టార్లు సిద్ధం చేసుకున్నారు. ఇంగ్లీషు వాళ్ళు చూసి నివేదిక రాసి బీరువాలో పెట్టారు. ప్రభుత్వ ఉద్యోగం చేసినోణ్ణి, ఆ బీరువా నాకు బాగా తెలుసు.

ఫలితం 1914 చలికాలంలో కనబడింది. జర్మన్ కందకం నుంచి బాంబులు దొర్లుకుంటూ వచ్చి పడుతున్నాయి, ఇవతల తిరిగి కొట్టడానికి ఏమీ లేదు. జామ్ డబ్బా బాంబులు అప్పటివే, ఫార్వర్డ్ అబద్ధం కాదు. ఫ్రాన్సు చలిలో మన భారత దళాలు కూడా అలాంటి బాంబులతోనే నెట్టుకొచ్చాయి. 1915లో టర్కీ గాలిపోలీలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు తీరం ఒడ్డునే డబ్బా బాంబుల కార్ఖానా నడిపారు. ఫ్రెంచి వాళ్ళయితే ముత్తాతల నాటి కంచు మోర్టార్లని కోటల్లోంచి తీసి, తుడిచి, మళ్ళీ కందకంలోకి దించారు. రబ్బరు పట్టీల ఉండేలు లాంటి యంత్రాలతో కూడా బాంబులు విసిరారు. ఇవన్నీ శత్రువుకెంత ప్రమాదమో, చేతిలో పట్టుకున్నవాడికీ అంతే ప్రమాదం. వత్తి సరిగా లేక చేతిలోనే పేలినవి ఎన్నో. అందుకే ఎలా చేశారన్నది నేను రాయను, ఇంకెవరూ ఇక్కడ రాయొద్దని నా మాట.

ఆ ఖాళీని పద్ధతిగా పూడ్చినవాడు విల్‌ఫ్రెడ్ స్టోక్స్. సైనికుడు కాదు, ఇప్స్‌విచ్‌లో క్రేన్లు, రైలు సామాను చేసే కంపెనీ పెద్ద. 1915లో గీసిచ్చాడు. నున్నటి గొట్టం, కింద పలక, ముందు రెండు కాళ్ళు. బాంబు నోట్లోంచి జార్చడమే, అడుగున ఉన్న మేకుకి తగిలి తనంతట తానే లేస్తుంది. నిమిషానికి ఇరవై పైన వదలొచ్చు. మొదట వద్దన్నారు. కారణం వింటే నవ్వొస్తుంది, గోదాముల్లో ఉన్న పాత బాంబులు దీనికి సరిపడవట! ఈరోజు ప్రపంచంలో ఏ సైన్యం దగ్గరైనా 81 మిల్లీమీటర్ల మోర్టార్ చూడు, దాని ఎముకలు స్టోక్స్‌వే.

నాకు దగ్గరగా తెలిసింది ఇంకా చిన్నది, రెండంగుళాల మోర్టార్. ప్లాటూన్‌కి, అంటే సుమారు ముప్ఫై మంది జట్టుకి, ఒకటి. బరువు ఐదు కిలోలకి అటూ ఇటూ. ముందు కాళ్ళు లేవు, గొట్టం, అడుగున చిన్న రేకు పలక, అంతే. ఒక మోకాలు నేలకి ఆనించి ఎడమ చేత్తో గొట్టం పట్టుకోవాలి. గొట్టం మీద పొడుగ్గా తెల్లగీత ఉంటుంది. ఆ గీత శత్రువు దిక్కుకి కలిపితే దిశ కుదిరినట్టు. దూరమంతా చేతి వంపులోనే. కొత్తోడు వేస్తే ఒకటి అనంతపురంలో, ఒకటి హిందూపురంలో పడేది. చెయ్యి తిరిగిన హవల్దారు వేస్తే వరసగా ఒకే పొద మీద పడేవి. ఎక్కువగా పొగ బాంబులు, వెలుగు బాంబులు వేయడానికే వాడేవాళ్ళం.

బనశంకరి శ్రీను

బాబాయ్, దండం పెట్టాలి మీకు! ఒక్క సందేహం. బెంగళూరు టార్పెడో అని విన్నాను, అది కూడా ఇలా కందకంలో చేసుకున్నదేనా? పేరు మన ఊరిది కదా.

పాత సాపర్

మన ఊరిదే, మా వాళ్ళదే. 1912లో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌కి చెందిన కెప్టెన్ మెక్లింటాక్ బెంగళూరులో తయారు చేశాడు. దాని వెనకా దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధం, రష్యా జపాన్ యుద్ధం ఉన్నాయి. రెండు చోట్లా ముళ్ళతీగ మనుషుల్ని నిలబెట్టి చంపింది. ఫిరంగి గుండు పడితే తీగ ఎగిరి మళ్ళీ అక్కడే చిక్కుగా పడుతుంది. కత్తెరతో కోయాలంటే కోసేవాడు బతకడు. ఆయన ఆలోచన ఏంటంటే, లోపల పేలుడు మందున్న పొడుగాటి గొట్టాలు ఒకదానికొకటి తగిలిస్తూ తీగ కిందనుంచి ముందుకి తోయడం. మనిషి ఇవతలే పడుకుని ఉంటాడు, గొట్టం అవతలికి పోయి, పేలి తీగలో దారి చేస్తుంది.

రాస్తే రెండు వాక్యాలు. చేస్తే తెలుస్తుంది. బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకుతూ, గొట్టాన్ని మెలితిప్పకుండా నెట్టాలి. మొదటి ముక్కకి ముందు నున్నటి మూతి లేకపోతే ప్రతి గడ్డి మొదలుకీ తట్టుకుంటుంది. అతుకు దగ్గర ఇసుక పడిందా, ముక్క ముక్కలో కూర్చోదు. అప్పుడు వెనక ఉస్తాద్ తమిళం, హిందీ, తెలుగు మూడూ కలిపి తిట్టేవాడు. మా పల్టన్‌లో అందరూ అందరికీ తంబీలే కదా, తిట్టు కూడా "తంబీ" అనే మొదలయ్యేది.

1944 జూన్ 6న నార్మండీలో అమెరికన్లు ఒమాహా తీరం మీద ముళ్ళకంచెలకి దారి చేసుకుంది ఈ గొట్టాలతోనే. హలసూరు చెరువు పక్క పల్టన్‌లో పుట్టిన వస్తువు అట్లాంటిక్ గట్టుదాకా పోయింది.

మల్లేశ్వరం మేడమ్

సాపర్ గారు సైన్యం వైపు నుంచి చెప్పారు, నేను చరిత్ర పాఠం చెప్పిన అలవాటుతో మన దేశం వైపు నుంచి కొంచెం కలుపుతాను. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను.

ముందుగా ఒక అభ్యంతరం. ఆ "ఖాళీ" విక్స్‌బర్గ్‌లోనో పోర్ట్ ఆర్థర్‌లోనో మొదలవలేదు. మైసూరు సైన్యం దాన్ని మోర్టారు లేకుండానే పూడ్చింది, బాణాలతో. అంటే రాకెట్లతో. ఇనప గొట్టంలో మందు, దానికి కట్టిన వెదురు బొంగు. ఐరోపా వాళ్ళ తారాజువ్వలు అట్ట గొట్టాలవి. మైసూరువి ఇనపవి కాబట్టి లోపలి ఒత్తిడికి ఆగి, కిలోమీటరు దాటి పోయేవి. వీటికి చక్రాల బండి వద్దు, ఎద్దుల జత వద్దు, కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ లేదు. ఒక మనిషి మోసుకెళ్ళి ఒక గట్టు చాటునుంచి వదిలి పరుగెత్తవచ్చు. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో ఈస్టిండియా కంపెనీ కల్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయిన యుద్ధంలో కంపెనీ వాళ్ళ మందుగుండు బండ్లు పేలిపోయాయి. ఆ ఓటమి తర్వాత మద్రాసు చాలాకాలం కంటిమీద కునుకు లేకుండా గడిపింది. బెంగళూరులో రాకెట్ల పేట తారామండలపేట, శ్రీను గారు తిరిగిన కోటకి నడిచిపోయేంత దూరమే.

గురి మాత్రం వీటికి లేదు. మోర్టారు నిదానంగా ఒకే గుంటలో వేస్తుంది. బాణం గుంపులో గందరగోళం రేపుతుంది, ఎద్దుల్నీ గుర్రాల్నీ బెదరగొడుతుంది. కంపెనీ సైన్యం నడిచేదే వేల ఎద్దుల మీద కనుక, ఆ బెదురే పెద్ద దెబ్బ.

2018లో శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఒక పాడుబడ్డ బావిలో పూడిక తీస్తుంటే వెయ్యికి పైగా ఇలాంటి గొట్టాలు బయటపడ్డాయి. బావి మట్టి మందు వాసన కొట్టిందట. నేను శివమొగ్గ మ్యూజియంలో చూశాను. జానెడు పొడుగు, తుప్పు పట్టి పెచ్చులూడుతున్నాయి, ఒక వైపు మూసి ఉంది. చేతిలోకి తీసుకోనివ్వరు కానీ అంత చిన్నవని అంతకుముందు అనుకోలేదు.

తెలుగు నేల మీద ముట్టడి కావాలంటే గోల్కొండ చూడండి, 1687. ఔరంగజేబు సైన్యం బురుజు కిందికి సొరంగాలు తవ్వి మందు దట్టించింది. లోపలివాళ్ళు కూడా అవతలి నుంచి తవ్వుకుంటూ వచ్చి, దొరికిన చోట మందు తోడేశారు, మిగతా చోట తడిపేశారు. జూన్‌లో నిప్పు పెడితే గోడ నిలబడింది, పేలుడు బయటికి తన్ని మొగలు సైనికులే రాళ్ళ కింద పడ్డారు. రాత్రుళ్ళు కోట పైనుంచి నిప్పు కుండలు, బాణాలు కురిశాయి. ఎనిమిది నెలలు కొట్టినా తెరుచుకోని కోట, సెప్టెంబరులో అబ్దుల్లా ఖాన్ పన్నీ డబ్బు పుచ్చుకుని తలుపు తీస్తే తెరుచుకుంది. సర్దార్లలో అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడే చివరి దాకా కత్తి దించలేదు.

సాపర్ గారు వత్తి గురించి రాశారు కదా, దానికి తూర్పున ఇంకా పాత కథ ఉంది. 1592లో జపాన్ సైన్యం కొరియా మీద పడ్డప్పుడు ఇ జాంగ్ సోన్ అనే పనివాడు ఆలస్యంగా పేలే ఇనప గుండు చేశాడు. గ్యోంగ్జూ కోటలోకి మోర్టారుతో విసిరితే అది పడి పేలలేదు. జపాన్ సైనికులు ఇదేమిటా అని చుట్టూ మూగి, దొర్లించి చూస్తుండగా పేలింది. మర్నాడు కోట ఖాళీ చేశారు.

తెనాలి కుర్రోడు

మేడమ్, నాసా రాకెట్లు టిప్పు దగ్గర్నుంచే కాపీ కొట్టారంట కదా? మా మామయ్య గ్రూపులో పెట్టాడు.

మల్లేశ్వరం మేడమ్

నాసా కాదు బాబూ, విలియం కాంగ్రీవ్. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక అక్కడి రాకెట్లు ఇంగ్లండు వూల్‌విచ్ ఆయుధాగారానికి చేరాయి. వాటిని చూసి 1804 నుంచి ఆయన ప్రయోగాలు చేశాడు. అబ్దుల్ కలాం గారు 1960లలో నాసా వాలప్స్ కేంద్రంలో మైసూరు రాకెట్ల యుద్ధచిత్రం చూశానని రాశారు. మీ మామయ్య గారి దగ్గరికి వచ్చేసరికి బొమ్మ కాస్తా కాపీ అయింది.

బనశంకరి శ్రీను

మేడమ్‌కి కూడా థాంక్స్. బాబాయ్, చివరిగా ఒక్కటి. స్టోక్స్ మోర్టార్ అంత బాగా పనిచేస్తే కందకంలో ఉన్న సైనికులు దాన్ని నెత్తిన పెట్టుకుని ఉండాలే?

పాత సాపర్

తిట్టుకునేవాళ్ళు నాయనా! మోర్టార్ జట్టు ఎక్కడినుంచో మోసుకొచ్చేది, నీ కందకంలో పెట్టేది, పది బాంబులు టకటకా వదిలేది, గొట్టం భుజాన వేసుకుని పోయేది. కాసేపటికి జర్మన్ ఫిరంగులు ఆ పొగ వచ్చిన చోటు చూసుకుని బదులిచ్చేవి. అప్పటికి అక్కడ మిగిలింది ఎవరు? రొట్టె తింటున్న పదాతి సైనికుడు. అందుకే మోర్టార్ వాళ్ళు వస్తున్నారంటే పక్క కంపెనీ దగ్గరికి పొండని బతిమాలేవాళ్ళు. మా కాలంలో కూడా ఎక్సర్సైజుల్లో మోర్టార్ పిట్ మా టెంటు పక్కన తవ్వడం మొదలెట్టారంటే మా సుబేదారు గారు చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళి, అవతలి దిబ్బ దగ్గర నేల మెత్తగా ఉంటుందని వాళ్ళకి సలహా ఇచ్చేవాడు.

పన్నీ సంగతి మేడమ్ బాగా గుర్తు చేశారు. ముట్టడి లెక్కల్లో దాన్ని ఎప్పుడూ చివర రాస్తారు, మొదట రాయాలి.

బనశంకరి శ్రీను

సరే, మా టీం లీడ్‌కి లింకు పంపాను. చూశాడు, బ్లూ టిక్ పడింది. జవాబు లేదు.